సముద్రం దాటే దత్తత: ఒక ఫైలు చరిత్ర

భారతదేశం నుంచి బిడ్డను దత్తత తీసుకునే విదేశీ దంపతుల ఫైలు ఇప్పుడు ఒక పుస్తకమంత లావుంటుంది. పెళ్లి ధ్రువపత్రం, ఆదాయం లెక్కలు, ఆరోగ్య పరీక్షలు, పోలీసుల నుంచి తెచ్చుకున్న సచ్ఛీలతా పత్రం, ఇంటికొచ్చి చూసి వెళ్లిన సామాజిక కార్యకర్త నివేదిక, సొంత దేశపు ప్రభుత్వ అనుమతి, ఢిల్లీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, జిల్లా కలెక్టరు ఉత్తర్వు, బిడ్డ పాస్‌పోర్టు అన్నీ అందులో ఉంటాయి. 1960ల్లో ఇదే పని ఒక కోర్టు ఉత్తర్వుతో, ఒక విమానం టిక్కెట్టుతో దాదాపు అయిపోయేది. మధ్యలో వచ్చి చేరిన కాగితాలు ఊరికే రాలేదు. చాలా వాటి వెనుక ఎక్కడో ఒకచోట జరిగిన తప్పు ఉంది. ఒక తల్లి మోసపోయాకనో, ఒక బిడ్డ తప్పిపోయాకనో ఒక్కో కాగితం పుట్టింది. దేశాంతర దత్తత చరిత్ర అంటే చాలావరకు ఈ ఫైలు లావెక్కిన చరిత్రే.

దత్తత తెలుగువారికి కొత్త మాట కాదు. కానీ పాత దత్తత బిడ్డ కోసం పుట్టింది కాదు, వంశం కోసం పుట్టింది. పిండం పెట్టేవాడు కావాలి, ఆస్తి చేతులు మారకుండా చూసే వారసుడు కావాలి. అందుకే మగపిల్లవాణ్ణే తీసుకునేవారు, అదీ వీలైతే జ్ఞాతుల ఇంటి నుంచే. నంద పండితుడి 'దత్తక మీమాంస', దానితోపాటు 'దత్తక చంద్రిక' బ్రిటిష్ కోర్టులకు ప్రమాణ గ్రంథాలయ్యాయి. వాటి ప్రకారం కన్నవాళ్లు చేతులారా ఇవ్వాలి, పెంచేవాళ్లు చేతులారా పుచ్చుకోవాలి. ఇచ్చే తల్లీతండ్రీ లేని అనాథను దత్తత తీసుకోవడానికి ఆ లెక్కన దారే లేదు. ఇల్లు ఎవరికి ఎక్కువ అవసరమో ఆ బిడ్డకే శాస్త్రం తలుపు మూసింది. ఊళ్లలో దిక్కులేని పిల్లల్ని చేరదీసి సాకినవారు లేకపోలేదు గానీ, సాకుడు బిడ్డకూ దత్తత బిడ్డకూ మధ్య ఆస్తి దగ్గర పెద్ద గీత ఉండేది.

1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం ఆ గీతను కొంత చెరిపింది. ఆడపిల్లను కూడా దత్తత తీసుకోవచ్చంది. 1962 సవరణ తరువాత, కన్నవాళ్లెవరో తెలియని బిడ్డను కోర్టు అనుమతితో సంరక్షకులే దత్తత ఇచ్చే వీలు కలిగింది. అయితే ఆ చట్టం హిందువులకూ, చట్టం దృష్టిలో హిందువుల కిందికే వచ్చే బౌద్ధులకూ, జైనులకూ, సిక్కులకూ మాత్రమే. క్రైస్తవులకు, ముస్లింలకు, పార్సీలకు అలాంటి దత్తత చట్టం లేదు. స్వీడన్ నుంచో అమెరికా నుంచో వచ్చిన క్రైస్తవ దంపతులకు మిగిలిన దారి ఒకటే: 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. మైనర్ల బాగోగులు, వాళ్ల ఆస్తిపాస్తులు చూసే సంరక్షకుణ్ణి నియమించడానికి బ్రిటిష్ వారు చేసిన చట్టం అది. దాని కింద బిడ్డకు సంరక్షకులుగా ఉత్తర్వు తెచ్చుకోవడం, బిడ్డను తమ దేశం తీసుకెళ్లి అక్కడి చట్టం ప్రకారం దత్తత చేసుకోవడం వాడుకగా మారింది. ఇక్కడి కోర్టు దృష్టిలో వాళ్లు తల్లిదండ్రులు కారు, సంరక్షకులు. అక్కడ దత్తత పూర్తి కాకపోతే ఆ బిడ్డ ఎవరికీ చెందదు.

విదేశాల నుంచి బిడ్డల్ని తెచ్చి పెంచుకునే ఈ పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం తరువాతే ఊపందుకుంది. అమెరికా రచయిత్రి పెర్ల్ బక్ 1949లో వెల్‌కమ్ హౌస్ స్థాపించింది. ఆసియా రక్తం కలిసిన పిల్లల్ని ఎవరూ దత్తత తీసుకోరని అప్పటి సంస్థలు పక్కన పెట్టేవి. వాళ్లకోసమే ఆమె ఆ సంస్థ పెట్టింది. అసలు వెల్లువ కొరియా యుద్ధం తరువాత వచ్చింది. ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన రైతు దంపతులు హ్యారీ, బెర్తా హోల్ట్ 1955లో ఎనిమిది మంది కొరియా పిల్లల్ని దత్తత తీసుకున్నారు. అంతమందిని తీసుకురావడానికి అమెరికా కాంగ్రెస్ వాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. ఆ వార్త చదివిన వందల కుటుంబాలు తమకూ బిడ్డ కావాలన్నాయి. ఆ తరువాత కొన్నేళ్లు పరోక్ష దత్తత నడిచింది. దంపతులు కొరియా వెళ్లనక్కర్లేదు, బిడ్డను చూడనక్కర్లేదు. వాళ్ల తరఫున ఒక ప్రతినిధి అక్కడి కోర్టులో సంతకం చేస్తాడు, బిడ్డ విమానంలో వస్తుంది. ఇల్లు ఎలాంటిదో, దంపతులు ఎలాంటివారో చూసే సామాజిక కార్యకర్త ఆ ఏర్పాటులో దాదాపు కనిపించడు. ఈ పద్ధతిని అమెరికాలోని శిశు సంక్షేమ వృత్తిలో ఉన్నవారే గట్టిగా వ్యతిరేకించారు. తరువాతి కాలంలో హోమ్ స్టడీ, అంటే ఇంటి పరిశీలన, తప్పనిసరి కావడానికి ఆ అనుభవమే కారణం.

వియత్నాం మరో పాఠం నేర్పింది. 1975 ఏప్రిల్లో సైగాన్ పతనం కాబోతుండగా అమెరికా 'ఆపరేషన్ బేబీలిఫ్ట్' పేరుతో రెండు వేలకు పైగా పిల్లల్ని విమానాల్లో తరలించింది. ఏప్రిల్ 4న బయల్దేరిన మొదటి పెద్ద విమానమే కూలి 138 మంది చనిపోయారు. వారిలో 78 మంది పిల్లలు. బతికి చేరినవారిలో కొందరు అనాథలు కారనీ, వాళ్ల తల్లిదండ్రులు బతికే ఉన్నారనీ కాలిఫోర్నియా కోర్టులో దావా పడింది. అనాథ అనే మాటను ఎవరు, ఏ ఆధారంతో రాయాలన్న ప్రశ్న అక్కడ మొదలై ఇప్పటికీ తెగలేదు.

ఆ దశాబ్దంలోనే పశ్చిమ దేశాల్లో పరిస్థితి మారింది. గర్భనిరోధక మాత్రల వాడకం పెరిగింది, గర్భస్రావం చట్టబద్ధమైంది, పెళ్లికాని తల్లులు బిడ్డల్ని తామే పెంచుకోసాగారు. దత్తతకు పసిపిల్లలు దొరకడం తగ్గింది. అడిగేవారు మాత్రం తగ్గలేదు. చూపు కొరియా, కొలంబియా, శ్రీలంక, బంగ్లాదేశ్, భారత్ మీద పడింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల అనాథాశ్రమాలకూ స్వీడన్, బెల్జియం, ఇటలీ, అమెరికా సంస్థలకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. మంచి మనసుతో నడిచినవీ ఉన్నాయి, డబ్బు కోసం నడిచినవీ ఉన్నాయి. రెండింటినీ విడదీసి చూసే యంత్రాంగం మాత్రం లేదు. అన్ని మతాలవారికీ వర్తించే దత్తత బిల్లును 1972లో పార్లమెంటులో పెట్టారు గానీ ముస్లిం ప్రతినిధుల వ్యతిరేకతతో అది ముందుకు సాగలేదు. ముస్లింలను మినహాయించి 1980లో మరో బిల్లు తెచ్చారు. అదీ చట్టం కాలేదు.

పార్లమెంటు చేయలేని పనిని ఒక ఉత్తరం చేసింది. 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. భారతీయ పిల్లల్ని విదేశాలకు పంపే సంస్థల అక్రమాల మీద పత్రికల్లో వచ్చిన కథనాలే దానికి ఆధారం. దత్తత పేరుతో పసివాళ్లను అంత దూరం పంపుతున్నారనీ, దారిలో ప్రాణాపాయం, చేరాక ఆశ్రయం లేకపోవడం, చివరికి బిచ్చమెత్తే గతి కూడా పట్టవచ్చనీ ఆయన ఫిర్యాదు. కోర్టు ఆ లేఖనే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఈ రంగానికి చట్టంలా పనిచేసింది. చట్టసభ వదిలేసిన ఖాళీని న్యాయస్థానం ఇంత వివరంగా పూరించిన సందర్భాలు తక్కువే.

దేశాంతర దత్తతను ఆ తీర్పు నిషేధించలేదు. బిడ్డకు మొదట సొంత కుటుంబం, అది కుదరకపోతే దేశంలోనే మరో కుటుంబం, అదీ దొరకనప్పుడే విదేశం అని వరుస పెట్టింది. పెద్ద ఆశ్రమంలో పెరగడం కన్నా పరాయి దేశంలో అమ్మానాన్నల దగ్గర పెరగడమే మేలన్నది దాని ఉద్దేశం. ఆ వరుస చుట్టూ కట్టుదిట్టాలు అల్లింది. విదేశీ దంపతులు నేరుగా దరఖాస్తు పెట్టకూడదు, తమ దేశ ప్రభుత్వం గుర్తించిన సంస్థ ద్వారానే రావాలి. ఆ సంస్థ హోమ్ స్టడీ పంపాలి. ఇక్కడి సంస్థకు కూడా ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. అది బిడ్డ గురించి నివేదిక తయారు చేయాలి. ఈ రెండింటినీ పరిశీలించడానికి బిడ్డల్ని పంపే పనితో సంబంధం లేని మూడో సంస్థ కోర్టుకు తోడుండాలి. బిడ్డ పుట్టకముందు గానీ, పుట్టిన మూడు నెలల్లోపు గానీ కన్నతల్లి చేత బిడ్డను వదులుకునే నిర్ణయం చేయించకూడదు. విచారణ బహిరంగంగా జరగకూడదు. బిడ్డ ఆ దేశం చేరిన రెండేళ్లలోపు అక్కడ దత్తత పూర్తి కావాలి. వీటిలో కన్నతల్లికి గడువు ఇవ్వాలన్న మాటే అన్నిటికన్నా విలువైనది. ఆచరణలో ఎక్కువగా ఉల్లంఘనకు గురైందీ అదే.

ఈ తీర్పు వేసిన బాటలోనే 1989లో కేంద్రం మార్గదర్శకాలు వచ్చాయి. 1990లో ఢిల్లీలో కేంద్ర దత్తత సంస్థ ఏర్పడింది. ఇంగ్లీషు పొడి అక్షరాలతో దాన్ని అందరూ 'కారా' అంటారు. 1993 మే 29న హేగ్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఇదే సూత్రాలను అందులో చేరిన దేశాలన్నిటికీ వర్తింపజేసింది. ప్రతి దేశంలో ఒక కేంద్రాధికార సంస్థ ఉండాలంది, దత్తతలో అనుచిత లాభం ఎవరికీ ఉండకూడదంది. భారత్ ఈ ఒప్పందాన్ని ఆమోదించింది 2003లో. ఆ పదేళ్ల మధ్యలోనే హైదరాబాద్ పేరు ప్రపంచ పత్రికలకెక్కింది.

1999 వేసవిలో, మళ్లీ 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ పోలీసులు కొన్ని ప్రైవేటు దత్తత సంస్థల మీద దాడులు చేశారు. నల్గొండ, మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాల లంబాడీ తండాల నుంచి ఆడశిశువుల్ని కొని తెచ్చారన్నది ఆరోపణ. తండాకూ సంస్థకూ మధ్య దళారులు తిరిగేవారు. తల్లికి ముట్టేది వందల్లోనో, ఒకటి రెండు వేలల్లోనో ఉండేది. విదేశీ దంపతుల నుంచి వచ్చేది వేల డాలర్లు. చదువు రాని తల్లి వేలిముద్ర వేసిన కాగితమే చట్టం అడిగిన అంగీకార పత్రమైంది. 1984 తీర్పు కోరిన కాగితాలన్నీ ఫైలులో ఉన్నాయి. వాటిలో రాసిందే నిజం కాదు.

నల్గొండ జిల్లా దేవరకొండ లాంటి ప్రాంతాల తండాలే ఎందుకన్న ప్రశ్నకు జవాబు దత్తత చట్టంలో దొరకదు. లంబాడీల్లో పూర్వం ఓలి ఆచారం ఉండేది, పిల్లను చేసుకునేవాడే పిల్ల ఇంటికి ఇచ్చుకునేవాడు. చుట్టుపక్కల కులాలను చూసి వరకట్నం వచ్చి చేరాక ఆ లెక్క తిరగబడింది. కరువు నేల, చేజారిన భూములు, వలసలు దానికి తోడయ్యాయి. ఒకప్పుడు ఇంటికి రాబడి అనిపించిన ఆడపిల్ల, మూడో కాన్పులోనో నాలుగో కాన్పులోనో పుడితే భరించలేని ఖర్చుగా కనిపించింది. రచయిత్రి గీతా రామస్వామి, చరిత్రకారుడు భంగ్యా భుక్యా ఈ మార్పును లంబాడీల చరిత్రలో భాగంగా పరిశీలించి రాశారు. దళారి వచ్చి తండాలో కొత్త అవసరాన్ని సృష్టించలేదు, ఉన్న కష్టానికి ధర కట్టాడు. ఈ తేడా పట్టించుకోకపోతే తల్లుల్ని నేరస్తులుగా చూసే తేలిక దారిలో పడతాం, ఆనాటి వార్తల్లో కొన్ని అలాగే పడ్డాయి కూడా.

దాడుల తరువాత ప్రభుత్వం ఆ సంస్థల్లోని పిల్లల్ని స్వాధీనం చేసుకుని, హైదరాబాద్‌లోని తన శిశు సంరక్షణ కేంద్రం శిశువిహార్‌కు చేర్చింది. పేదరికం వల్లనో, ఆడపిల్ల అనో బిడ్డను దత్తత సంస్థకు అప్పగించడాన్ని 2001లో రాష్ట్రం నిషేధించింది. ఫొటోలు చూసుకుని, పేర్లు పెట్టుకుని ఎదురుచూస్తున్న అమెరికన్ దంపతుల ఫైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వాళ్లలో చాలామందికి తాము కట్టిన రుసుము తండా దాకా ఏ రూపంలో వెళ్లిందో తెలియదు. తెలుసుకోవాలని అడిగినవారూ తక్కువే. నిషేధం మీద కూడా విమర్శ వచ్చింది. అప్పగించే దారి మూసేస్తే, పెంచలేని తల్లి బిడ్డను ఆసుపత్రి మెట్ల మీదో బస్టాండులోనో వదిలి వెళుతుందని, అప్పుడు బిడ్డ పుట్టుపూర్వోత్తరాలు శాశ్వతంగా పోతాయని ఆ విమర్శ. అది కొట్టిపారేయదగిన వాదన కాదు.

ఇది ఒక్క రాష్ట్రపు జబ్బు కాదని 2005లో తేలింది. చెన్నై మురికివాడల నుంచి ఎత్తుకొచ్చిన పిల్లలు ఒక సంస్థ ద్వారా విదేశాలకు దత్తత వెళ్లినట్టు అక్కడి పోలీసులు బయటపెట్టారు. హైదరాబాద్‌లో తల్లి వేలిముద్ర అయినా ఉంది, చెన్నైలో అదీ లేదు.

2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం మతంతో పని లేకుండా దత్తతకు తలుపు తెరిచింది. 2006 సవరణ దాన్ని స్పష్టం చేసింది. 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి ఏ మతంవారికైనా ఉందని ఖాయపరిచింది. 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త బాలల న్యాయ చట్టం మొత్తం ప్రక్రియను ఒక్కచోట చేర్చింది. 1890 చట్టం కింద సంరక్షకులుగా బిడ్డను తీసుకెళ్లే పాత వాడుకకు స్వస్తి పలికింది. ఇప్పుడు దత్తత ఇక్కడే పూర్తయ్యి, బిడ్డ వాళ్ల బిడ్డగానే విమానం ఎక్కుతుంది.

బిడ్డ వైపు కథ జిల్లా బాలల సంక్షేమ కమిటీ దగ్గర మొదలవుతుంది. కన్నవాళ్లు బిడ్డను అప్పగించదలిస్తే కమిటీ ఎదుటే సంతకం చేయాలి, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలల గడువుంటుంది. దొరికిన బిడ్డ అయితే కన్నవాళ్ల కోసం వెతకాలి. తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు పసిబిడ్డ ఫొటోతో కనిపించే చిన్న ప్రకటన ఆ వెతుకులాటే. రెండేళ్లలోపు బిడ్డకు రెండు నెలలు, ఆపై వయసు బిడ్డకు నాలుగు నెలల్లోపు ఈ విచారణ ముగించి, దత్తతకు చట్టపరంగా అడ్డు లేదని కమిటీ ప్రకటిస్తుంది. అక్కడి నుంచి 60 రోజుల్లో భారతీయ దంపతులు గానీ ఎన్నారై దంపతులు గానీ కుదరకపోతేనే బిడ్డ పేరు విదేశీయుల వరుసలోకి వస్తుంది. వైకల్యం ఉన్న పిల్లలకు, తోబుట్టువులకు, అయిదేళ్లు దాటినవారికి ఆ వరుసలో ప్రాధాన్యం ఉంది. ఇక్కడి దంపతులు ఎక్కువగా అడిగేది ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డను. గుండెలో రంధ్రం ఉన్న పాపకో, ఏడేళ్ల అన్నాచెల్లెళ్లకో ఇల్లు సముద్రం అవతలే దొరకడం మామూలైంది. దీన్ని గొప్పగా చెప్పుకోవడానికి లేదు.

దంపతుల వైపు దారి వాళ్ల దేశంలోనే మొదలవుతుంది. పెళ్లై రెండేళ్లు సజావుగా గడిచి ఉండాలి. దత్తతకు ఇద్దరి సమ్మతీ ఉండాలి. బిడ్డకూ వాళ్లకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఇద్దరి వయసులు కలిపి చూసే పరిమితి కూడా ఉంది, బిడ్డ పెద్దదయ్యేకొద్దీ ఆ పరిమితి పెరుగుతుంది. తమ దేశంలో కారా గుర్తింపు ఉన్న సంస్థకో, అక్కడి కేంద్రాధికార సంస్థకో దరఖాస్తు పెడితే సామాజిక కార్యకర్త ఇంటికి వస్తారు. గదులు, జీతం మాత్రమే కాదు, దంపతుల బాల్యం, వాళ్ల మధ్య తగాదాలు, పోయిన గర్భాల దుఃఖం, రంగు వేరుగా ఉన్న బిడ్డను చూసి వీధిలో ఎవరైనా అడిగితే ఏం చెబుతారన్నది కూడా అడుగుతారు. ఆ నివేదిక కారా ఆన్‌లైన్ వ్యవస్థకు చేరుతుంది. అక్కడి నుంచి బిడ్డ వివరాలు, వైద్య నివేదిక వస్తాయి. దంపతులు ఒప్పుకుని సంతకం చేశాక, ఆ దేశం కూడా అంగీకరించాక కారా నిరభ్యంతర పత్రం ఇస్తుంది. 2017 నిబంధనల్లో ఇక్కడి సంస్థకు కట్టాల్సిన మొత్తాన్ని 5,000 డాలర్లుగా ఖాయం చేశారు. బేరానికి తావు లేకుండా చేయడమే దాని పని.

ఆఖరి ఉత్తర్వు మొన్నమొన్నటిదాకా కోర్టు ఇచ్చేది. ఆలస్యం ఎక్కువవుతోందన్న కారణంతో 2021 సవరణ ఆ అధికారాన్ని జిల్లా కలెక్టరుకు ఇచ్చింది, 2022 సెప్టెంబర్ 1 నుంచి అది అమల్లో ఉంది. వరదల నుంచి ఎన్నికల దాకా అన్నీ మోసే అధికారికి ఒక బిడ్డ భవిష్యత్తును తూచే తీరిక ఎక్కడిదన్న సందేహం న్యాయవాదుల్లో ఉంది. ఉత్తర్వు తరువాత పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, హేగ్ ఒప్పందం ప్రకారం అన్నీ సవ్యంగా జరిగాయన్న పత్రం, వీసా వస్తాయి. అప్పుడు తల్లిదండ్రులు స్వయంగా వచ్చి బిడ్డను తీసుకెళ్లాలని చట్టంలోనే ఉంది. కొరియాలో ప్రతినిధి సంతకంతో మొదలైన పద్ధతికి ఇది ఆలస్యంగా వచ్చిన దిద్దుబాటు. ఇల్లు చేరాక కూడా రెండేళ్లపాటు, మొదటి ఏడు మూడు నెలలకోసారి, రెండో ఏడు ఆరు నెలలకోసారి బిడ్డ ఎలా ఉందో నివేదికలు రావాలి.

తెలుగు కుటుంబాల్లో ఈ దారికి మరో పాయ ఉంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన చెల్లెలు అక్క బిడ్డను పెంచుకోవాలనుకుంటుంది. దత్త హోమం చేసి, 1956 చట్టం కింద రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు రాయించుకుంటే పని అయిపోయిందనుకునే దంపతులు వీసా దగ్గర ఆగిపోయేవారు, హేగ్ ఒప్పందం కింద కారా పత్రం లేనిదే బిడ్డ కదలదు గనక. 2021లో నిబంధనలు సవరించి, ఇలాంటి దత్తతలకు కూడా జిల్లా స్థాయి పరిశీలన తరువాత కారా పత్రం ఇచ్చే ఏర్పాటు చేశారు. బాలల న్యాయ చట్టం కింద బంధువుల దత్తతకు వేరే దారి ఉంది. కానీ బంధువంటే ఆ చట్టం లెక్కలో తల్లివైపు, తండ్రివైపు అవ్వాతాతలు, పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని మాత్రమే. వేలు విడిచిన వరసలు అందులోకి రావు.

దత్తత పూర్తి కావడం అంటే విమానం దిగడం కాదన్నది వెళ్లిన పిల్లలు పెద్దయ్యాక తెలిసింది. అమెరికాలో దత్తత బిడ్డకు పౌరసత్వం దానంతటదే వచ్చే చట్టం 2001 ఫిబ్రవరి 27 నుంచే అమల్లోకి వచ్చింది. అప్పటికే 18 ఏళ్లు దాటినవారికి అది వర్తించలేదు. తల్లిదండ్రులు పౌరసత్వ దరఖాస్తు పెట్టడం మరిచిన కారణంగా నడివయసులో, భాష రాని దేశానికి తిరిగి వెళ్లాల్సి వచ్చినవారు ఉన్నారు. సరూ బ్రయర్లీ కథ మరో వైపు చూపింది. బుర్హాన్‌పూర్‌లో రైలెక్కి కలకత్తాలో తేలిన ఆ అయిదేళ్ల పిల్లవాడు 1987లో టాస్మానియాకు దత్తత వెళ్లాడు. పాతికేళ్ల తరువాత ఉపగ్రహ చిత్రాల్లో తన ఊరు వెతికి పట్టుకుని, 2012లో కన్నతల్లిని కలిశాడు. అతను అనాథ కాడు, తప్పిపోయినవాడు. ఫైలు ఆ తేడా పట్టుకోలేకపోయింది.

స్వీకరించే దేశాలూ, పంపే దేశాలూ కూడా వెనక్కి చూసుకుంటున్నాయి. గత అక్రమాల మీద వచ్చిన నివేదిక తరువాత నెదర్లాండ్స్ 2021లో దేశాంతర దత్తతలను తాత్కాలికంగా నిలిపివేసింది. చైనా 2024లో, దాదాపు పూర్తిగా, ఆ తలుపు మూసింది. దక్షిణ కొరియా సత్య నిర్ధారణ కమిషన్ 2025 మార్చిలో, తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలుగా రాసి పంపిన ఉదంతాలను తమ ప్రభుత్వ బాధ్యతగా తేల్చింది. అమెరికాకు ఇతర దేశాల నుంచి 2004లో దాదాపు 23,000 మంది పిల్లలు దత్తత వెళ్లగా, 2023లో ఆ సంఖ్య 1,300 కూడా లేదు. భారత్‌లో 2024-25 ఆర్థిక సంవత్సరంలో కారా నమోదు చేసిన 4,515 దత్తతల్లో 4,155 దేశంలోనే జరిగాయి.